నిత్యపఠనము



సంగము మీదుగా ప్రవహించు ఈ పెన్న ఒడ్డుననే పల్లిపాడు గ్రామము కలదు. అచ్చట 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ములు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. నిత్యము నూలు వడకుట వారికి వ్రతము. అయినను మానవుడు ఆదర్శమును సంపూర్ణముగా అందుకొనగలడని వారు చెప్పలేదు. యూక్లిడు చెప్పిన వెడల్పులేని గీతను గీయగలిగినవాడు లేడనియు, దానిని మనసున నిలుపుకొనియే రేఖాగణితము వృద్ధిచెందెననియు దృష్టాంతము చూపిరి.

పుస్తకపఠనమునకును ఇదియే న్యాయము. దినమునకు ఏబది పుటలు చదువ పూనినవాడు కోతల కాలమున నాలుగు దినములు తప్పును. పిదప సిగ్గుచే గ్రంథాలయపు గడప త్రొక్కడు. చదువునకు చేటు తెచ్చినది ఆ నాలుగు దినములు కావు, ఆ సిగ్గు. అలసిన రాత్రి రెండు పుటలు చాలును. అవియు తప్పినచో, మరునాడు ఆగినచోటనే మొదలిడవలెను. తప్పిన పుటలను అప్పువలె లెక్కించుకొనరాదు. క్రొత్తగా అక్షరములు నేర్చినవారికి ఇది మరింత ముఖ్యము. వాడుక తప్పిన అక్షరము మరుపున పడును.

పెన్నకు ఏటేటా నిండు ప్రవాహము రాదు. అంతమాత్రమున రైతు నాగలిని పారవేయడు. వచ్చిన నీటిని ఆనకట్టతో నిలిపి కాలువకు మళ్ళించుకొనును. దొరికిన అరగంటను చదువరియు అట్లే మళ్ళించుకొనవలెను.