మైనపు పురుగు: పేరును పనియును



పెరటిలోనో తోటలోనో తేనెపెట్టె నుంచి యీగలను పెంచువారు మన పల్లెలలో గలరు. వారిలో పలువురు చెప్పెడి మొఱ యొక్కటియే. మొన్నటివఱకు నిండుగా నున్న యీగలు నేడు లేవు. పెట్టె మూత తీసి చూడగా బూజును, నల్లని మలమును, తెల్లని పురుగులును మాత్రము కనబడెను. ఆ పురుగునే మైనపు పురుగందురు. దాని పేరును గూర్చియు పనిని గూర్చియు నేడు విన్నవింతును. పేరు విచారించుట పండితుల వేడుక మాత్రమే యని తలపవలదు. ఈ విషయమున పేరు విచారించినచో మందును దొరకును.

అమరసింహుడు మైనమునకు మధూచ్ఛిష్ట మనియు సిక్థక మనియు పేళ్లు చెప్పియున్నాడు. మధూచ్ఛిష్టమనగా తేనె తీసికొనగా మిగిలిన యెంగిలి. నిజమునకు మైనము తేనె యెంగిలి కాదు. పనియీగల పొట్టక్రింది గ్రంథులనుండి స్రవించి చిన్న రేకులుగా గట్టిపడునదియే మైనము. పాశ్చాత్యులలో లిన్నేయసు 1758లో నీ పురుగునకు మెల్లొనెల్లా యని పేరిడెను. లాటిను భాషలో మెల్ అనగా తేనె. పిదప 1798లో ఫాబ్రీషియసు గలేరియా యను గణనామమును కల్పించెను. గలేరియా యన్నచో నడవ, సొరంగము స్ఫురించును. ఒకరు తేనెను బట్టి, యొకరు సొరంగమును బట్టి, మనము మైనమును బట్టి పిలిచితిమి.

ఇందు మైనమను మాట కొంత మోసపుచ్చును. శుద్ధమైన మైనమును మాత్రమే మేతగా నిచ్చినచో నీ పురుగు సరిగా నెదుగదు. దానికి వలసినవి పట్టులో మిగిలిన పుప్పొడియు, ఈగపిల్లలు విడిచిన పొరలును, తక్కిన మలినమును. అందుచేత పలుమాఱులు పిల్లలు పెరిగి నల్లబడిన పాతపట్టునే యది విశేషముగా కోరును. మధూచ్ఛిష్టమను పేరు మైనమునకు సరిపడకున్నను, ఉచ్ఛిష్టభోజి యను పేరు ఈ పురుగునకు చక్కగా సరిపడును. ఎంగిలి లేనిచోట దానికి బలము లేదు.

రెక్కలు వచ్చిన పురుగు బూడిదవన్నెది. దీపపు పురుగుల జాతిది. అది యేమియు తినదు. రాత్రివేళ పెట్టెలో దూరి పగుళ్లలో వందలకొలది గ్రుడ్లు పెట్టును. వేడి తగిలినచో కొలది దినములలో పిల్లపురుగులు బయలుదేరి, పట్టు నడుమ పట్టునూలుతో సొరంగము లల్లుకొనుచు లోలోపల తినుచు పోవును. ఆ దారములలో చిక్కి, పుట్టబోవు ఈగలు గదులనుండి వెలికి రాలేకపోవును. తుదకు పురుగు పెట్టె కొయ్యనే దోనెవలె తొలిచి యందు గూడు కట్టుకొనును. మన దేశపు ఈగకు సహనము తక్కువ. ఉపద్రవము మిక్కుటమైనచో గూడు విడిచి లేచిపోవును. పెంచినవాని శ్రమ యంతయు నొక్క దినమున వ్యర్థమగును.

అయినను బలమైన గుంపు పట్టులన్నిటిని కప్పియుండి పురుగును తఱిమివేయును. కావున పురుగు వచ్చి పెట్టె చెడెననుటకంటె, పెట్టె బలము తగ్గగా పురుగు వచ్చెననుట సత్యమునకు దగ్గర. పూవులు లేని దినములలోను, ముసురు పట్టినపుడును పంచదారపాకము పెట్టి యీగలను నిలుపుకొనుడు. ఈగలు కప్పని పట్టులను వెంటనే తీసివేయుడు. వారమున కొకమాఱు అడుగుపలకను తుడువుడు. పగుళ్లు పూడ్చుడు. నల్లబడిన పట్టును దాచక కరగించుడు.

దాచవలసిన మంచిపట్టులకు, ఈగలు లేని వేఱుపెట్టెలో గంధకపు పొగ వేయవచ్చును. అది గ్రుడ్లను చంపదు గనుక రెండువారములలో మరల వేయవలెను. ఆ పొగను పీల్చరాదు. కలరా యుండలను మాత్రము వేయకుడు. ఆ విషము మైనమున నింకి తేనెను చెఱచును.

ఈ పురుగు కేవలము దుష్టము కాదు. అడవిలో ఈగలు విడిచిన గూళ్లను తిని, రోగపు పాతపట్టులను లేకుండ చేయునది యిదియే. స్పెయిను దేశమున ఫెడెరికా బెర్టొచ్చీనీ యను శాస్త్రజ్ఞురాలు తన తేనెపెట్టెలనుండి యేరిన పురుగులను ప్లాస్టికు సంచిలో నుంచగా నవి సంచికి చిల్లులు చేసెను. ఆమెయు సహచరులును ఆ సంగతిని 2017లో ప్రకటించిరి. 2022లో దాని లాలాజలమున ప్లాస్టికును విఱుచు రెండు పదార్థములను కనుగొని, వానికి సస్యదేవతల పేళ్లు పెట్టిరి. అట్లని చెత్తకుప్పలను పురుగులకు వదలిన చాలునని యెంచరాదు. ఆ విద్య యింకను పరిశోధనలోనే యున్నది.

ప్రకృతిలో పాకీపని చేయు నీ ప్రాణిని అడవిలో నుండనిండు. మీ పెట్టెలో మాత్రము దానికి పని కల్పింపకుడు. పెట్టె శుభ్రమై, ఈగలు నిండుగా నున్నచో నది గడపకడనే మరలిపోవును. సెలవు.