బొమ్మ ఇచ్చే ముందు చీటీ రాయించుకోండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలు ఇక్కడున్నారు. మీలో చెక్క చెక్కేవాళ్లు, మట్టి బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు. మన కళ గొప్పదని అందరూ అంటారు. నేను ఈరోజు డబ్బు సంగతి మాట్లాడతాను.

మా హాస్టల్లో చదివిన ఒకబ్బాయి నాలుగు చెక్క బొమ్మలు పట్నంలో ఒక షాపులో పెట్టాడు. అమ్ముడుపోతే ఫోన్ చేస్తామన్నారు. ఏడాది దాటింది. ఇప్పుడు రెండు అమ్మామని, ఒకటి విరిగిందని అంటున్నారు. ఎంతకు అమ్మారో తెలియదు. బొమ్మలు ఇచ్చినట్టు వాడి చేతిలో చీటీ ముక్క లేదు. ఇక ఎవరిని అడుగుతాడు?

గ్యాలరీ వాళ్లు బొమ్మను రెండు రకాలుగా తీసుకుంటారు. ఒకటి, డబ్బిచ్చి కొనుక్కుంటారు. రెండోది, అమ్మిపెట్టి కమీషన్ పట్టుకుంటారు. రెండో పద్ధతిలో అమ్ముడుపోయేదాకా బొమ్మ మీదే.

లెక్క చూడండి. ధర రూ.20,000, కమీషన్ 40 శాతం. మీకు రూ.12,000 రావాలి. షాపువాళ్లు కొన్నవాళ్లకు రూ.2,000 తగ్గించారనుకోండి. ఆ తగ్గింపంతా మీ మీద వేస్తే రూ.10,000 వస్తుంది. చెరి కొంత భరిస్తే రూ.10,800. అందుకే ముందే రాయించుకోవాలి: ఎన్ని బొమ్మలు, ధర, కమీషన్, తగ్గింపు ఎవరిది, విరిగితే ఎవరు కట్టాలి, అమ్మిన ఎన్ని రోజులకు డబ్బు, అమ్ముడుపోకపోతే ఎప్పుడు వాపసు. రెండు కాపీలు, రెండు సంతకాలు, బొమ్మల ఫోటోలు.

బొమ్మ అమ్మితే దాని కాపీరైటు పోదు. మీరు రాసివ్వకుండా అచ్చు తీసి వందలు చేసి అమ్మే హక్కు వాళ్లకు లేదు. చదవకుండా సంతకం పెడితే మాత్రం అదీ పోవచ్చు.

అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు పెద్ద కంచు శిల్పం చేశారు. 1979లో దాన్ని ఆయనకు చెప్పకుండా పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పం తిరిగివ్వమని, రూ.5 లక్షల పరిహారం కట్టమని ప్రభుత్వాన్నే ఆదేశించింది.

మన ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఉషేగావ్ ఓజాల పనికి, ఆ పేరుకు రక్షణ దొరికింది. కానీ ఒక్కో బొమ్మ బేరం చేసినవాళ్లే చూసుకోవాలి.

అడిగితే షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు చీటీ రాయడానికి వెనుకాడరు. ఇంగ్లీషు కాగితం ఇస్తే ఇంటికి తెచ్చుకోండి. హాస్టల్‌కు రండి, కూర్చుని చదువుదాం. అర్థమయ్యాకే సంతకం.