రక్తములోని ఇనుము



ఇనుమును గురించి బయ్యారము వారికి నేను చెప్పవలసినది లేదు. మీ గుట్టలలోని ఖనిజము సంగతి రాష్ట్రమంతయు నెరుగును. రక్తమునకు ఎరుపునిచ్చునదియు ఇనుమే. పెద్దవాని దేహమంతటిలో నుండునది మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకునకు సరిపడునంత. అది తగ్గినచో మనిషి పాలిపోవును. అయితే పాలిపోయిన ప్రతి బిడ్డకును ఇనుము కొరతయే యనుకొనుట పొరపాటు.

తలసీమియా యను వ్యాధి గలదు. అది అంటునది కాదు, దిష్టియు కాదు. తల్లిదండ్రులిరువురి నుండియు సంక్రమించునది. 1925లో అమెరికా వైద్యుడు థామస్ కూలీ దీనిని వర్ణించెను. తీవ్రముగా సోకిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకసారి రక్తము నెక్కింపవలెను. ఒక్కొక్క సంచితో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము లోనికి పోవును. దేహము విడుచునది దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములే! మిగిలినది గుండెలోను, కాలేయములోను పేరుకొనును.

పేరుకొన్న ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఉగ్రమైన కణములను పుట్టించును. వానినణచుటకు దేహమున కావలివారు గలరు. సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అను ఎంజైములు. పేర్లకు నోరు తిరుగదు గాని, పని సులభముగానే తెలియును: మొదటిది ఆ కణములను హైడ్రోజన్ పెరాక్సైడుగా మార్చును, తక్కిన రెండును దానిని నీరుగా జేయును. దాడి మితిమీరినచో కావలి చాలదు. అప్పుడు వంశలక్షణములను మోయు క్రోమోజోములు తెగుటయు కలదు. పక్వమైన ఎర్రకణములలో క్రోమోజోములుండవు. కావున ఈ హానిని తెల్లకణములలో సూక్ష్మదర్శినితో చూతురు.

అందుచే ఇట్టి బిడ్డకు వైద్యుని యడుగక ఇనుపటానిక్కు పోయరాదు. ఇనుమును వెడలించు డెఫెరాసిరాక్స్ వంటి మందులు వైద్యుడు చెప్పినట్లు విడువక వాడవలెను. గర్భిణులు మాత్రము ఆసుపత్రి వారిచ్చు ఇనుపమాత్రలను ఈ మాట విని మానవద్దు.

ఈ లక్షణమును మోయువారు చూపునకు ఆరోగ్యవంతులే. అట్టివారిరువురు పెండ్లాడినచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము గలదు. మేనరికములలో ఒకే లక్షణము ఇరువైపులనుండుటకు అవకాశము హెచ్చు. హీమోగ్లోబిన్ ఏ2 అను రక్తపరీక్షతో ఇది తెలియును. జాతకములు చూచునప్పుడే ఆ పరీక్షయు చేయించుడు. వ్యాధిగ్రస్తులైన బిడ్డలకు రక్తము నెక్కించుటకై హైదరాబాదున 1998లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ యేర్పడినది.