బలిపీఠం కింద ఆత్మలు: మరణానికీ పునరుత్థానానికీ నడుమ



చనిపోయిన మనవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? భూస్థాపన ముగిసి ఇంటికి చేరాక పిల్లలు అడిగే ప్రశ్న ఇది. పెద్దలు అడగలేక లోలోపలే దాచుకునేదీ ఇదే. క్రైస్తవ విశ్వాసం దీనికి రెండు మాటలు చెబుతుంది. విశ్వాసి మరణించగానే క్రీస్తు సన్నిధికి చేరతాడు. అంత్యదినాన దేహంతో లేస్తాడు. సిలువ మీద దొంగకు యేసు ఇచ్చిన వాగ్దానం మొదటిదానికి ఆధారం. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం రెండోదానికి ఆధారం. రెండూ నమ్ముతాం. అయితే మొదటిదానితోనే అంతా దక్కితే, రెండోదానికి ఎదురుచూడటం దేనికి? ఈ చిక్కును సాక్షాత్తూ ఒక పోపు నెత్తికెత్తుకున్నారు.

1331 నవంబరు 1, సర్వ పరిశుద్ధుల పండుగ. ఆ కాలంలో పోపుల నివాసం రోము కాదు, రోన్ నది ఒడ్డున ఉన్న అవిన్యోన్. అప్పటికే ఎనభై దాటిన పోపు ఇరవై రెండో యోహాను అక్కడి పెద్ద ఆలయంలో ప్రసంగించారు. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో హతసాక్షుల ఆత్మలు బలిపీఠం కింద ఉండి, ఎన్నాళ్లని దేవునికి మొరపెడతాయి కదా. ఆ బలిపీఠమే క్రీస్తు మానవత్వం అన్నారాయన. పరిశుద్ధుల ఆత్మలు ఇప్పుడు దాని నీడలో ఆదరణ పొందుతున్నాయి. దేవుణ్ణి ముఖాముఖిగా చూసేది మాత్రం దేహాలు తిరిగి పొంది, తుది తీర్పు జరిగాకే. ఆ తర్వాతి వారాల్లో మరో రెండు ప్రసంగాలు చేశారు. దుష్టులు కూడా తీర్పుదాకా నిత్యనరకంలోకి వెళ్లరని వాటిలో చెప్పారు.

దుమారం రేగింది. అది ఊరికే రేగలేదు. పరిశుద్ధులు ఇప్పటికే దేవుని ముఖం చూస్తూ మన కోసం వేడుకుంటున్నారన్న నమ్మకం మీదే ఆనాటి భక్తి జీవితం నిలబడింది. మరణించాక శుద్ధిపొందే ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం చేయించే పూజలకూ, పరిశుద్ధుల సమాధులకు చేసే యాత్రలకూ అదే ప్రాణం. 1333 జనవరిలో థామస్ వాలీస్ అనే ఆంగ్ల దొమినికన్ సన్యాసి అవిన్యోన్‌లోనే పోపు మాటను ఖండిస్తూ ప్రసంగించి చెరసాల పాలయ్యాడు. అంతకుముందే పోపుతో తెగతెంపులు చేసుకుని మ్యూనిక్‌లో తలదాచుకున్న ఫ్రాన్సిస్కన్ తత్వవేత్త ఓకమ్ విలియం ఇదే అదనుగా మతద్రోహమని నేరం మోపాడు. అదే ఏడాది డిసెంబరులో ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్ పారిస్ పండితులను వాన్సెన్‌లో సమావేశపరిచాడు. వాళ్లు పోపుతో ఏకీభవించలేదు. పోపు గారు మాత్రం తాను సిద్ధాంతం శాసించడం లేదని, లేఖనాలూ పితరుల మాటలూ ముందుంచి విచారిస్తున్నానని చెబుతూ వచ్చారు.

1334 డిసెంబరు 3న మరణశయ్య మీద, కార్డినళ్ల ఎదుట ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకున్నారు. శుద్ధిపొందిన ఆత్మలు పరలోకంలో దేవుణ్ణి ముఖాముఖిగా చూస్తాయని ఒప్పుకున్నారు. అయితే దేహం నుండి విడిపోయిన ఆత్మ స్థితికి ఎంత సాధ్యమో అంతవరకే అన్న ఒక్క షరతు మిగుల్చుకున్నారు. మర్నాడు కన్నుమూశారు. ఆ షరతు ముసలాయన మొండితనం అనుకుంటే పొరపాటు. ఆయన వేసిన ప్రశ్న అంతా అందులోనే ఉంది.

తర్వాత పోపు అయిన పన్నెండో బెనెడిక్టు 1336 జనవరి 29న శాసనం ఇచ్చారు. శుద్ధి కావలసిందేమీ మిగలని పరిశుద్ధుల ఆత్మలు, దేహాలు తిరిగి పొందకముందే, దైవసారాన్ని ఏ మధ్యవర్తీ లేకుండా చూస్తాయి. ఘోరపాపంలో మరణించినవారి ఆత్మలు వెంటనే నరకానికి దిగిపోతాయి. అయినా తీర్పుదినాన అందరూ తమ దేహాలతో క్రీస్తు న్యాయపీఠం ముందు నిలుస్తారు. కథోలిక సంఘానికి నేటికీ ఇదే బోధ.

ఇక నా అభిప్రాయం. విశ్వాసి మరణించగానే ప్రభువుతో ఉంటాడన్న విషయంలో బెనెడిక్టు చెప్పినదే సరి. కానీ ఆత్మకే అంతా దక్కితే పునరుత్థానం అక్కర్లేకుండా పోతుందన్న యోహాను భయమూ న్యాయమైనదే. ఆయన ఆశ్రయించిన పన్నెండో శతాబ్దపు క్లేర్వో బెర్నార్డు పరిశుద్ధులు ఆవరణలో ఉన్నారని, మనం లేకుండా, తమ దేహాలు లేకుండా ఇంటిలోకి ప్రవేశించరని బోధించాడు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయపు ముగింపు చూడండి. అంతటి విశ్వాసవీరులు కూడా మనల్ని విడిచి సంపూర్ణులు కాలేదంటుంది. హేబెలు, అబ్రాహాము, రాహాబు మన కోసం ఆగి ఉన్నారు! ఈ మాట చదివినప్పుడల్లా నా గుండె నిండుతుంది. ఒక్కొక్కరుగా తప్పించుకునే రక్షణ కాదిది, అందరం కలిసి లేచే రక్షణ. ఆత్మ ఒక్కటే మనిషి కాదని, దానికి మేలు జరిగినంత మాత్రాన మొత్తం మనిషికి జరిగినట్టు కాదని తోమా అక్వినాసు కూడా బోధించాడు.

సంస్కరణ కాలంలో ఇదే ప్రశ్న మరో రూపంలో లేచింది. లూథర్ మృతుల స్థితిని చాలాచోట్ల గాఢనిద్రగా వర్ణించాడు. యువకుడైన కాల్విన్ 1534లో ఆత్మలు నిద్రపోతాయన్న బోధకు వ్యతిరేకంగా ఒక గ్రంథమే రాశాడు. అది 1542లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయింది. విశాఖపట్నానికి లండన్ మిషన్, నెల్లూరుకు బాప్టిస్టులు, గుంటూరుకు లూథరన్లు వచ్చినప్పుడు ఈ వారసత్వాలు తెలుగు నేలకూ చేరాయి. అడ్వెంటిస్టులు మాత్రం పునరుత్థానం దాకా మృతులకు ఏ ఎరుకా ఉండదంటారు. నేను వారితో ఏకీభవించను. కానీ పునరుత్థానాన్ని వారంత గట్టిగా పట్టుకున్నవారు మనలో ఎందరు?

1955లో హార్వర్డ్‌లో చేసిన ఇంగర్సాల్ ఉపన్యాసంలో కొత్త నిబంధన పండితుడు ఆస్కార్ కుల్‌మన్ కూడా ఇదే ప్రశ్నను ఎత్తుకున్నాడు.  సోక్రటీసు ప్రశాంతంగా విషం తాగాడు. యేసు గెత్సేమనేలో వేదనపడ్డాడు. మరణం ఒకరికి స్నేహితుడు, మరొకరికి శత్రువు అని కుల్‌మన్ చూపించాడు. ఆత్మ సహజంగానే అమరమన్న గ్రీకు తలంపును, దేవుడు మృతులను తిరిగి సృష్టిస్తాడన్న అపొస్తలుల నిరీక్షణతో కలపవద్దన్నాడు. తాను ప్రచురించిన మరేదీ ఇంత కోపాన్ని తెచ్చిపెట్టలేదని తర్వాత రాశాడు.

ఆ కోపానికి కారణం మన సంఘాల్లోనూ ఉంది. మన ఆదరణ కూడికల్లో ప్రసంగం సాధారణంగా ఫలానా వారు మహిమకు చేరారు అన్నచోట ఆగిపోతుంది. నవంబరు 2న సమాధుల పండుగకు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆత్మ ఎక్కడికో వెళ్లిపోయి పని ముగిసిందనుకుంటే ఆ మట్టిని అంత ప్రేమతో సింగారించనక్కర్లేదు. కాపరులకు నా విన్నపం ఒక్కటే: ఆ సాయంత్రం సమాధుల మధ్య నిలబడి ప్రసంగించేటప్పుడు, వారు ప్రభువుతో ఉన్నారని చెప్పండి, ఆ తర్వాత అక్కడితో ఆగకండి. వారింకా ఎదురుచూస్తున్నారని, మనకూ వారికీ ఆ ఎదురుచూపు ఒక్కటేనని, పాతిపెట్టిన ఆ దేహాన్నే దేవుడు లేపబోతున్నాడని కూడా చెప్పండి.