మల్టీమీటరుకు సీరియల్ తీగ చాలు

ప్రయోగశాలలో మల్టీమీటరును కంప్యూటరుతో నడపడానికి 1960లో పుట్టిన ఆర్ఎస్-232 సీరియల్ పద్ధతి ఈనాటికీ చాలని నా గట్టి అభిప్రాయం. పంపడానికొకటి, అందుకోవడానికొకటి, గ్రౌండుకొకటి, మూడు తీగలతో పని జరిగిపోతుంది. వేగం తక్కువ కదా అంటారు. నిజమే, అక్షరానికి పది బిట్ల లెక్కన 9600 బాడ్ దగ్గర సెకనుకు 960 అక్షరాలే వెళ్తాయి. అయితే 16 అక్షరాల రీడింగు చేరడానికి పట్టేది సుమారు 17 మిల్లీసెకన్లే. మన 50 హెర్ట్జ్ కరెంటు రొదను వడగట్టడానికి మీటరు పది ఆవృత్తులపాటు కొలిస్తే, ఆ కొలతకే 200 మిల్లీసెకన్లు కావాలి! ఆసిలోస్కోపు తరంగరూపాల వంటి పెద్ద డేటాకు మాత్రం యూఎస్‌బీయో, నెట్‌వర్కో ఉండాల్సిందే.

అసలు చిక్కు వేగంతో కాదు, అమరికలతో వస్తుంది. రెండువైపులా బాడ్ రేటు, పారిటీ, స్టాప్ బిట్లు కలవకపోతే తెరమీద పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అందుకే, ఎస్‌సీపీఐ అనే ప్రామాణిక ఆదేశాలు తెలిసిన పరికరమైతే, ముందు 'స్టార్ ఐడీఎన్ ప్రశ్నార్థకం' పంపి, తయారీదారు పేరు, మోడలు సరిగ్గా తిరిగొచ్చాకే కొలతలు మొదలుపెట్టాలి.