గౌతమీ పాయపై మోటారు పడవ ప్రయాణము
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఎనిమిదవ తరగతి పిల్లలను గోదావరికి తీసికొని పోవలెనని మేము తలచినది మొదలు మీలో పలువురు ఒకే ప్రశ్న వేయుచున్నారు: "పడవ మునిగినచో?" ఆ భయము నిరాధారము కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, నది వరదమీద నున్నప్పుడు, పర్యాటకుల పడవ మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. అందుచేతనే ఉపాధ్యాయమిత్రులము నలుగురము గడచిన సంక్రాంతి సెలవులలో ముందుగా పోయి చూచి వచ్చితిమి.

మేము ఎన్నుకొన్నది కొండల నడుమ దారి కాదు. ధవళేశ్వరము ఆనకట్టకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. గౌతమి ఒడ్డున కోటిపల్లి రేవులో చిన్న మోటారు పడవ నెక్కి యానాములో దిగితిమి. పడవలో మేము నలుగురము, సరంగు, అతని మేనల్లుడు, అంతే. మా రక్షణ చొక్కాల ముడులు తాను స్వయముగా చూచినగాని సరంగు తాడు విప్పలేదు. చొక్కా బిగువుగా నున్నదని మా లెక్కల మాస్టారు గొణిగిరి గాని అతడు లక్ష్యపెట్టలేదు. ఆ మనిషిపై మాకు గురి కుదిరినది అప్పుడే.

నడిమికి పోవుసరికి గట్లు రెండును కొబ్బరితోటల సన్నని గీతలైనవి. ఇంత నీటిలో లోతెంత యుండునో యని మేము అనుకొనుచుండగా సరంగు మోటారు ఆపెను. "అటు నీళ్లు చిట్లుతున్నాయి, చూశారాండీ? కింద మేటండి" అని మేనల్లుని చేత గడ వేయించెను. గడ మోకాలి లోతుననే ఇసుకను తాకినది!

మన పిల్లలు లంక యనగానే రావణుని తలచుదురు. అచ్చట లంక యనగా మేట పెరిగి నది నడుమ నేర్పడిన నేల. అరటితోటలు, పశువులు, ఇండ్లు కలవు. పెనువరద వచ్చిన యేట విడిచి పోవలసినదే. రేవు, పాయ, మేట, పోటు, పాటు అను మాటలకు మన పిల్లలు అర్థములు వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. నదిని గూర్చి వారికి నోట వచ్చునవి మాత్రము ఒడియా మాటలే. అదియు మంచిదే; కాని ఇవి కాగితముమీదనే మిగిలిపోవుట మాకు కష్టముగా నున్నది.

2002లో ప్రారంభమైన ఎదుర్లంక వంతెన కనబడుసరికి పడవ నడక మందగించెను. సముద్రపు పోటు ఎదురు తగులుచున్నదట. మా సైన్సు మాస్టారు పుడిసెడు నీరు చవిచూచి ముఖము చిట్లించిరి. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి పాలనలో నున్న యానాము బజారున మాకు వినబడినది మన తెలుగే.

ఆ నీటిలో మన పాలును కలదు. కొరాపుట్ కొండలలో పుట్టిన కొలాబు దిగువను శబరియై కూనవరము వద్ద గోదావరిలో కలియుచున్నది. మనలో కొందరి పెద్దలు ఆ నీటికి ఎదురు దారిని ఇటు వచ్చినవారు.

పిల్లల ప్రయాణము జనవరిలోనే. వానకాలమున ఎంతమాత్రము కాదు. పడవకు ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. గాలి లేచినచో, సరంగు వద్దనినచో, రేవునుండియే తిరిగి వత్తుము. సమ్మతిపత్రముపై తండ్రి సంతకముతో పాటు తల్లి సంతకమును కోరుచున్నాము. ఇష్టము లేనివారు సంతకము చేయనక్కరలేదు; మేము నొచ్చుకొనము. ఈ నెలాఖరులోగా పత్రములు మాకు చేరవలెను.