ఇంటి పన్ను ఎక్కువ పడితే రాసి ఇద్దాం



ఎప్పుడూ మనం పొదుపులు, కిస్తీలే మాట్లాడుకుంటం. ఈసారి ఇంటి పన్ను గురించి చెప్పమన్నరు. ఒకసారి పెరిగిన పన్ను ఏటా కట్టాల్సిందే. ఆ పైసలు మన కిస్తీలోంచో, పిల్లల ఫీజులోంచో పోతయి. అందుకే ఇది గ్రూపులో మాట్లాడుకోవాల్సిన సంగతే.

ముందుగా ఒకటి. మన ఇండ్లు కంటోన్మెంట్‌లో ఉన్నయి, జీహెచ్ఎంసీలో కాదు. తార్నాకలో ఉన్న చెల్లెలు 101 రూపాయలే కడుతుందని మనం కూడా అంతే కడతమంటే కుదరదు. 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న ఇండ్లకు అక్కడ 2016లో ఇచ్చిన తగ్గింపు అది. మనకు నడిచేది 2006 కంటోన్మెంట్ల చట్టం.

ఈ చట్టంలో లెక్కంతా కిరాయి మీదనే. మన ఇల్లు కిరాయికి ఇస్తే ఏడాదికి ఎంత వస్తదో, లేదా న్యాయంగా ఎంత రావచ్చో చూసి విలువ కడతరు. దాని మీద పన్ను. మూడేళ్ళకోసారి కొత్త జాబితా తయారు చేస్తరు. కొత్తగా పన్ను వేసినా, ఉన్నది పెంచినా ఇంటికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలె. అభ్యంతరాలు వినే తేదీ కనీసం ఒక నెల తర్వాత ఉండాలె. ఆ తేదీ లోపలే మనం రాసి ఇయ్యాలె.

మనోళ్ళు చేసేదేంది? నోటీసు ఫ్రిజ్ మీద పెడతరు. ఆయన ఊరి నుంచి వచ్చినంక చూద్దామంటరు. నెల అయిపోతది! ఆ తర్వాత మిగిలేది జిల్లా కోర్టు అప్పీలు. జాబితా ఖాయమైన 30 రోజుల లోపల వేయాలె, అడిగిన పన్ను ముందే కట్టాలె. వకీలు ఖర్చు వేరే. ఒక కాయితంతో అయ్యే పనికి అంత దూరం పోవుడు ఎందుకు?

ఇక కాయితంల ఏం రాయాలె? మేము చాలా అర్జీలు చూసినం. అన్నిట్లో ఒకటే మాట, "బీదవాళ్ళం, దయ చూపండి" అని. అది చదివి జాలి పడతరేమో గానీ లెక్క మారదు. ఏది తప్పో పేరు పెట్టి రాయాలని చట్టమే చెప్తుంది. మేడ మీది రేకుల గది కిరాయికి ఇచ్చినట్టు పడితే, అందులో కొడుకు కోడలు ఉంటున్నరని రాయండి. కొలత ఎక్కువ పడితే టేపు పట్టి కొలిచి అడుగులు రాయండి. కిరాయి ఎక్కువ వేస్తే, అదే గల్లీలో అలాంటి ఇంటికి నిజంగా ఎంత నడుస్తుందో కిరాయి చీటీ జెరాక్స్ పెట్టండి.

రెండు కాపీలు తీసుకపోయి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. విచారణకు పిలుస్తరు, మాట్లాడే హక్కు మనకుంది. నోటీసు మామగారి పేరునో, భర్త పేరునో వచ్చినా భయం లేదు. వాళ్ళు సంతకం చేసి అధికారం ఇస్తే మనం పోయి చెప్పొచ్చు.

నోటీసు వచ్చినోళ్ళు వచ్చే మీటింగుకే తీసుకరండి. రాసిచ్చేటందుకు మేమున్నం, టేపు కూడా మా దగ్గర ఉంది.